దొరసాని దిగిన ఇల్లు

షూటింగు యూనిట్‌కి రేపల్లె లాడ్జిలో గదులు చాలలేదు. అందుకే బిందుమాధవి రాఘవమ్మగారి మేడ మీది గదిలో దిగింది. ఆ రాకలో అంతకు మించిన మర్మమేమీ లేదు. తర్వాత ఆ వీధి వీధంతా ఎన్ని చెప్పుకున్నా, మొదలు మాత్రం ఇదే.

బిందుమాధవిది తెనాలి. ముప్పై దాటింది. పరిషత్తు నాటకాల్లో వేషాలు వేస్తూ పెరిగి, సినిమాల్లో హీరోయిన్ వదినగానో పక్కింటావిడగానో కనబడుతూ వచ్చింది. ఇన్నేళ్లకి ఓటీటీ కోసం తీస్తున్న ఒక సినిమాలో ప్రధాన పాత్ర దొరికింది. పాత్ర పేరు ఎర్రంచు దొరసాని. ఆవిడ మనుషుల నెత్తురు తాగుతుంది.

కథ కొత్తది కాదు. ఎప్పుడో వారపత్రికలో సీరియల్‌గా వచ్చి, ఆడపిల్లల చేత నిండా ముసుగు తన్నించిన కథ. జమీందారు ఇంటి ముందు బండి ఇరుసు విరిగి ఒక దొరసాని అతిథిగా దిగుతుంది. ఆ ఇంటి ఆడపిల్లతో స్నేహం చేస్తుంది. పిల్ల రోజురోజుకీ పాలిపోతుంది, మెడ మీద ఎర్రటి గాట్లు పడతాయి. చివరికి మేనబావ వచ్చి దొరసాని గుండెల్లో మేకు దించి తగలబెడతాడు.

నాటకంగా వేసినప్పుడు దొరసానికి ఇంతేసి కోరలూ, విరబోసిన విగ్గూ పెట్టారు. తర్వాత సినిమాగా వచ్చినప్పుడు కోరలు చిన్నవయ్యాయి, చీర పల్చబడింది, వానపాట ఒకటి చేరింది. దొరసాని ఆ పిల్ల భుజం మీద చెయ్యి వేస్తే మగవాళ్లు ఈలలు వేశారు. చివర్లో ఆమె తగలబడుతుంటే వాళ్లే చప్పట్లు కొట్టారు. ఇప్పుడు ఉషశ్రీ అనే రచయిత్రి ఆ కథను మళ్లీ రాసింది. ఆమె రాతలో దొరసాని ఆకలీ నిజమే, ప్రేమా నిజమే. ఆ పిల్ల కూడా ఆమెను ప్రేమిస్తుంది. మేకు లేదు, మంట లేదు. ఇద్దరూ పడవెక్కి వెళ్లిపోతారు.

తెనాలిలో తన గదిలో ఆ స్క్రిప్టు చదువుతూ బిందు సగంలో ఆపేసింది. లేచి, తలుపు గడియ వేసి ఉందో లేదో చూసుకుంది.

ఆమె భయం ఆమెకే తెలుసు. బిందు మనసు ఎప్పుడూ ఆడవాళ్ల మీదే పోయింది. నాటకాల్లో తనతో వేషాలు వేసిన ఒకమ్మాయిని కొన్నేళ్లపాటు ప్రాణంగా చూసుకుంది. ఆ అమ్మాయి పెళ్లి చేసుకుని గుంటూరు వెళ్లిపోతే, పెళ్లి భోజనాల్లో వడ్డన కూడా చేసి వచ్చింది. ఆ సంగతి తల్లికి తెలియదు, తోటి నటులకు తెలియదు. కోరలు పెట్టుకుని రంకెలు వేసే రాక్షసి వేషం ఎన్నిసార్లయినా కట్టగలదు. కానీ ఉషశ్రీ రాసిన దొరసానికి కోరలు అవసరమైనప్పుడే బయటికొస్తాయి. మిగిలిన సేపంతా ఒట్టి మొహమే. ఆ ఒట్టి మొహంలో జనం తనను గుర్తుపట్టేస్తారేమో అనిపించింది. అయినా ఒప్పుకుంది. అలాంటి పాత్ర మళ్లీ రాదు.

రాఘవమ్మగారు డెబ్బై దాటిన మనిషి. గట్టి గొంతు, గట్టి చేతులు. తన పాడిగేదెల పని తనే చూసుకునేది. ఆవిడ మనవరాలు సాయి ప్రియ బాపట్లలో వ్యవసాయ కళాశాలలో పీజీ చదువుతోంది. తల్లీతండ్రీ నెల్లూరు దగ్గర రొయ్యల చెరువులు చేస్తున్నారు. సెలవులకు పిల్ల మామ్మ దగ్గరికి వచ్చింది.

ఊరి చివర ఒక పాత మిల్లు యజమాని బంగళాలో షూటింగు. కిటికీలకు నల్లగుడ్డలు కట్టి పట్టపగలే రాత్రి చేసేవాళ్లు. సాయంత్రం యూనిట్ వ్యాను డ్రైవరు అమ్జద్ బిందును ఇంటి దగ్గర దించేవాడు. సాయి ప్రియ డాబా మీద ఎదురుచూస్తూ ఉండేది.

“అక్కా, రేపటి డైలాగులు చెప్పుకుందామా? నేను ఆ పిల్లవి చెప్తా” అనేది.

ఒక సాయంత్రం పిట్టగోడకు ఆనుకుని ఇద్దరూ చెప్పుకుంటున్నారు. బిందు దొరసాని మాట అంది. “నేనంటే భయం లేదా నీకు?”

సాయి ప్రియ కాగితం చూసి చదివింది. “ఉంది. నువ్వు వెళ్లిపోతావేమోనని.”

తర్వాత కాగితం మడిచి పక్కన పెట్టి, బిందు కళ్లలోకి చూస్తూ అదే మాట మళ్లీ అంది.

“అది స్క్రిప్టులో ఒక్కసారే ఉంది” అంది బిందు, నవ్వబోయి.

“నాకు తెలుసు.”

బిందు మడిచిన కాగితం చేతిలోకి తీసుకుంది. ఆమెకు సంతోషం కలగలేదని చెప్పలేం. కానీ సంతోషానికి ముందు భయమే వచ్చింది, ఎప్పుడూ అదే ముందొస్తుంది. కిందికి వెళ్లి గదిలో కూర్చుంది. ఆ పూట అన్నానికి కూడా దిగలేదు.

ఆ వారంలోనే వీడియో బయటికి పోయింది. షూటింగు చూడ్డానికి వచ్చిన ఎవరో తన ఫోన్లో తీశాడు. ఎర్రంచు చీరలో బిందు, మంచం మీద పిల్ల వేషంలో ఉన్న నటి, మెడ మీద ఆనిన నోరు, పెదవి చివర కారుతున్న ఎరుపు. కెమెరాలూ లైట్లూ కనబడకుండా కత్తిరించి, ‘మన రేపల్లెలోనే రక్తపిశాచి’ అని రాసి వాట్సాప్ గ్రూపుల్లో వదిలారు. సినిమా అని చాలామందికి తెలుసు. తెలిసీ పంపుకున్నారు.

మర్నాటి నుంచి వీధి మారింది. పాలు పోయించుకోవడానికి లోపలికొచ్చే ఆడవాళ్లు గేటు బయటే గిన్నెలు పట్టుకుని నిలబడ్డారు. బిందు వస్తుంటే ఒకావిడ చంటిపిల్లను కొంగులో దాచుకుంది. గేటు కమ్మీలకు ఎవరో వేపమండ కట్టి, నిమ్మకాయ గుచ్చి వెళ్లారు.

రాఘవమ్మగారు దాన్ని పీకి గేదె ముందు పడేసింది. “వీళ్ల తెలివి తెల్లారినట్టే ఉంది. నువ్వేం పట్టించుకోకమ్మాయ్” అంది.

సరిగ్గా అప్పుడే సాయి ప్రియకు జ్వరం తగులుకుంది.

మొదట వాన జ్వరమన్నారు. ఆర్‌ఎంపీ వచ్చి బిళ్లలిచ్చాడు. జ్వరం తగ్గినట్టే తగ్గింది గానీ పిల్ల తెల్లగా, సున్నం కొట్టినట్టు అయిపోయింది. పళ్లు తోముకుంటే నురుగు ఎర్రగా వచ్చింది. “బ్రష్షు గీరుకుందిలే అక్కా” అంది. ఆ సాయంత్రం మేడ మెట్ల మీద కూర్చుని, వచ్చిన బిందు భుజం మీద తల వాల్చింది. ఒళ్లు చల్లగా చెమటలు పట్టి ఉంది. జుట్టు పక్కకు తీస్తే మెడ మీద సన్నటి ఎర్రచుక్కలు, గుండుసూదితో పొడిచినట్టు.

బిందు చెయ్యి అక్కడే ఆగిపోయింది. రోజూ షూటింగులో మేకప్ మనిషి పిల్ల వేషం వేసే అమ్మాయి మెడ మీద దిద్దే చుక్కలు సరిగ్గా అక్కడే ఉంటాయి.

“ఇవేంటి ప్రియా? ఎప్పటినుంచి ఉన్నాయి?”

సాయి ప్రియ మొహం ఎత్తి బిందును ముద్దు పెట్టుకుంది. ఒక్క క్షణం బిందు లోకం మరిచిపోయింది. ఎదురింట్లో కిటికీ రెక్క మూసిన చప్పుడుకి ఉలిక్కిపడి వెనక్కి జరిగింది.

“రేపు పొద్దున్నే తెనాలి వెళ్దాం. పెద్దాసుపత్రిలో చూపిద్దాం” అంది. 

కానీ తెల్లారేసరికి షూటింగుకు కబురొచ్చింది. డైరెక్టరు రవిశంకర్ మధ్యాహ్నానికల్లా వదిలేస్తానన్నాడు. మధ్యాహ్నం బ్రేకులో ఎర్రంచు చీరా, మేకప్పూ తీయకుండానే బిందు వ్యానెక్కి వచ్చేసింది. డీజిలు పోయించుకుని వస్తానని అమ్జద్ వెళ్లాడు.

గేటు తీసేసరికి వసారాలో కుళాయి దగ్గర సాయి ప్రియ పడి ఉంది. ముక్కులోంచి, చిగుళ్లలోంచి నెత్తురు కారుతోంది. బిందు పరుగెత్తి తల ఒళ్లోకి తీసుకుంది. కొంగుతో తుడుస్తుంటే ఆగలేదు. చేతులు ఎర్రబడ్డాయి. “మామ్మగారూ!” అని కేకేసింది. పెరట్లోంచి రాఘవమ్మగారు వచ్చేలోపల ఎదురింటి బ్రహ్మానందం గేటు దగ్గరికొచ్చాడు.

అతను చూసింది ఇదీ: వాట్సాప్‌లో చూసిన అదే చీర, అదే మొహం, కాటుక కళ్లు, నెత్తురు చేతులు. ఒళ్లో తెల్లగా పాలిపోయిన పిల్ల.

అతను అరవలేదు. చప్పుడు కాకుండా గేటుకు బయటి నుంచి గడియ పెట్టి, గొలుసు చుట్టాడు. అప్పుడు అరిచాడు.

జనం ఎక్కడి నుంచి ఊడిపడ్డారో తెలియదు. ప్రహరీ పొడుగునా తలలు. ఎవరో వేపమండలు తెచ్చారు, ఎవరో చీపురు తెచ్చారు. గోడ దూకి కొందరు లోపలికి వచ్చారు. ఒకతను బిందు దవడ పట్టుకుని నోరు తెరిపించబోయాడు. “కోరలు లోపలికి పోతాయంట, గట్టిగా నొక్కండిరా!” అని వెనక నుంచి ఒక ఆడగొంతు. వేళ్లు చెంపల్లోకి దిగాయి. బిందు పళ్లు బిగించింది. అప్పుడు ముక్కుకి పెట్రోలు వాసన తగిలింది. ఎవరి చేతిలోనో నీళ్ల సీసా, దాన్నిండా పసుప్పచ్చటి పెట్రోలు.

అది బండిలో పోయడానికి తెచ్చింది కాదని బిందుకు అర్థమైంది.  

“ఆగండ్రా!” రాఘవమ్మగారు మనవరాలి పక్కన కూలబడి, దాని మొహం తుడుస్తూ అరిచింది. “పిల్ల చచ్చిపోతోంది, ఆ అమ్మాయి నోట్లో ఏం చూస్తార్రా!”

“చంపేది అదేనండీ!” అన్నాడు బ్రహ్మానందం. అతని గొంతులో అబద్ధం లేదు. అతనూ భయంతో వణుకుతున్నాడు. “నిన్న సాయంత్రం నా కళ్లారా చూశానండి. మీ మెట్ల మీద పిల్ల మీద నోరు పెట్టి ఉంది. తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తోంది.”

రాఘవమ్మగారు బిందు వైపు తిరిగింది. “ఏం చేశావమ్మాయ్ నా మనవరాల్ని? నిజం చెప్పు.”

ఒక్క మాట చాలు. నెత్తురు తాగలేదండీ, ముద్దు పెట్టుకున్నామండీ అంటే చాలు. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చి ఆగిపోయింది. పిశాచి అంటే తగలబెడతారు. ఆ మాట చెబితే ఏం చేస్తారో బిందు చిన్నప్పటి నుంచి కలల్లో చూస్తూనే ఉంది. అంతకంటే ఘోరం, ఆ క్షణంలో ఆమెకు తనమీదే నమ్మకం పోయింది. నేను వచ్చాకే కదా పిల్ల పాలిపోయింది? నేను దగ్గరికి తీసుకున్నాకే కదా మెడ మీద మచ్చలొచ్చాయి? వీళ్లు చెప్పేదే నిజమేమో.

“నేనే మామ్మా.” నెత్తుటి నోటితో సాయి ప్రియ అంది. మాట సన్నగా ఉన్నా అందరికీ వినబడింది. “తను కాదు. నేనే ముద్దు పెట్టుకున్నా.”

కేకలు ఆగాయి. గోడ మీది తలలు ఒకరి మొహం ఒకరు చూసుకున్నాయి. తర్వాత ఆ ఆడగొంతే అంది. “చూశారా? మందు పెట్టింది! పిల్ల బుద్ధి కూడా తాగేసింది!” మళ్లీ కేకలు లేచాయి, ముందుకంటే రెట్టింపుగా. ఇప్పుడు అందులో భయంతో పాటు ఇంకేదో కూడా ఉంది. నవ్వు లాంటిది. సినిమా హాల్లో వినబడే ఈల లాంటిది. సీసా పట్టుకున్న చెయ్యి మూత తిప్పింది.

బయట హారన్ మోగింది. అమ్జద్ వ్యాను గేటుకు ఆనించి, ఆపకుండా మోగిస్తూనే ఉన్నాడు.

రాఘవమ్మగారు లేచింది. ఆవిడ మొహంలో ఏముందో బిందు చదవలేకపోయింది. నేరుగా బ్రహ్మానందం ముందుకు వెళ్లి చెయ్యి చాచింది. “గొలుసు తియ్యి.”

“పిన్నీ, పిల్లను తీసుకెళ్లండి. దాన్ని మాత్రం…”

“నువ్వు పుట్టినప్పుడు మీ అమ్మకు పురుడు పోసిన చెయ్యిరా ఇది. గొలుసు తియ్యి.”

అతను తీశాడు. బిందును పట్టుకున్నవాళ్లు ఆవిడ మొహం చూసి వెనక్కి తగ్గారు. అమ్జద్ లోపలికొచ్చి సాయి ప్రియను ఎత్తుకున్నాడు. ఆ పిల్ల పిడికిట్లో బిందు కొంగు బిగిసిపోయి ఉంది, విడదీయబోతే రాలేదు. రాఘవమ్మగారు ఆ పిడికిలిని ఒక్క క్షణం చూసింది. “ఇద్దర్నీ ఎక్కించు నాయనా” అని, తనూ ఎక్కింది.

వ్యాను కదిలేసరికి వెనక అద్దం మీద రాయి పడి పగిలింది. సీసా కూడా విసిరారు. అది రోడ్డు మీద పగిలింది, ఎవరూ అగ్గిపుల్ల గీయలేదు.

వ్యాను భట్టిప్రోలు దాటింది. వేమూరు దగ్గర రైలు గేటు పడి ఉంది. పక్కన ఆగిన బస్సులోంచి జనం వంగి వంగి చూస్తుంటే బిందు ఉమ్ముతో తడిచేసి మొహం మీది రంగు తుడుచుకుంది. చేతుల మీది నెత్తురుతో రంగు కలిసి ఇంకా భయంకరంగా అయింది. “చూడకండమ్మా అటు” అన్నాడు అమ్జద్. “నన్ను చూడండి, నేను తోలుతున్నా కదా.” పాసింజరు వెళ్లిపోయి గేటు లేచింది.

తెనాలి ఆసుపత్రిలో డాక్టరు మెడ మీది చుక్కలు చూడగానే అడిగింది, జ్వరం ఎప్పుడు తగ్గిందని. డెంగీ. ప్లేట్‌లెట్లు అడుగంటాయి. జ్వరం తగ్గాకే అసలు ప్రమాదం మొదలవుతుందని, ఇంకాస్త ఆలస్యమైతే తన చేతుల్లో ఉండేది కాదని చెప్పింది. బిందు చెయ్యి చాచి, నా రక్తం తీసుకోండంది. నర్సు సూదితో గుచ్చి చూసి, “మీకే ఎక్కించాలమ్మా, అసలు తింటున్నారా?” అని పక్కకు పంపేసింది. అమ్జద్, కబురంది యూనిట్ నుంచి వచ్చిన లైట్‌మ్యాన్ మనోజ్ ఇచ్చారు.

మర్నాడు పొద్దున సాయి ప్రియ కళ్లు తెరిచి మంచినీళ్లు అడిగింది. రాఘవమ్మగారు వరండాలోకి వచ్చి బిందు పక్కన బెంచీ మీద కూర్చుంది. 

“దోమంట” అంది.

“అవునండి.”

“దోమ సంగతి వాళ్లకి నేను చెప్తా. ఒక్కొక్కడి ఇంటికీ వెళ్లి చెప్తా. సిగ్గుపడతారు.” ఆవిడ తన చేతుల్ని చూసుకుంది. “రెండో సంగతి మాత్రం ఏమని చెప్పనమ్మాయ్? నాకే తెలీదు. నువ్వు మంచిదానివే. లేకపోతే నా పిల్ల దక్కేది కాదు. కానీ మా ఇంటికి మళ్లీ రాకు.”

నిన్న దవడ మీద పడ్డ వేళ్లకంటే ఆ మాటే ఎక్కువ నొప్పిగా ఉంది. అయినా బిందు “రానండి” అంది. ఆవిడ లేచి వెళ్తూ, తను కప్పుకున్న శాలువా తీసి బిందు ఒళ్లో పడేసింది. ఎర్రంచు చీర నిండా నెత్తురు ఎండి అట్టకట్టి ఉంది.

జరిగింది పేపర్లో వచ్చింది. నిర్మాతకు అది కలిసొచ్చింది. రవిశంకర్‌ను పిలిచి, ఇంత పేరొచ్చాక చివర్లో పడవెక్కి వెళ్లిపోతే జనం ఊరుకోరు, పాత ముగింపే పెట్టమన్నాడు. మంట ఉండాల్సిందే. ఉషశ్రీ పోట్లాడి తన పేరు తీసేయమంది. రవిశంకర్ తల దించుకుని బిందుకు ఫోన్ చేశాడు.

“ఒక్క సీనేనండి. నిజం మంట కాదు, గ్రాఫిక్స్‌లో పెడతాం.”

“నేను చెయ్యనండి” అంది బిందు. తన గొంతు అంత స్థిరంగా ఉంటుందని ఆమె అనుకోలేదు. “పెట్రోలు వాసన మీకు తెలీదు.”

వాళ్లు ఇంకో అమ్మాయికి ఎర్రంచు చీర కట్టి, మొహం మీద జుట్టు కప్పి కానిచ్చేశారు.

సినిమా వచ్చేనాటికి ఎండాకాలం. సాయి ప్రియ బాపట్లకు తిరిగి వెళ్లిపోయింది. జ్వరం తర్వాత జుట్టంతా ఊడిపోతే పొట్టిగా కత్తిరించుకుంది. వారం వారం బిందు తెనాలిలో రైలెక్కి బాపట్లలో దిగేది. మామ్మకు తెలుసో లేదో ఇద్దరూ అడగలేదు. ఆవిడ ఫోన్లో మనవరాలితో మాట్లాడేటప్పుడు వెనక ఎవరి మాటైనా వినిపిస్తే, “సరే, తర్వాత చేస్తాలే” అని పెట్టేసేది.

ఆ ఆదివారం ఇద్దరూ స్టేషన్ దగ్గరి హోటల్లో టిఫిన్ తింటున్నారు. బిందు ఎప్పటిలాగే తలుపుకు ఎదురుగా కూర్చుంది. లోపలికి ఎవరొస్తున్నారో కనబడాలి ఆమెకు. అటువైపు బల్ల దగ్గర ఒకమ్మాయి, ఇంటరు చదివే వయసు, తన వాళ్లతో కూర్చుని ఇటే చూస్తోంది. కాసేపటికి లేచి వచ్చింది. బిందు చేతిలోని ఇడ్లీ ముక్క ప్లేటులో పడిపోయింది. చూపు తలుపు మీదికి, అక్కడి నుంచి వీధి మీదికి పరుగెత్తింది.

“మీరు దొరసాని కదండీ?”

“అవునమ్మా.”

ఆ అమ్మాయి వెనక్కి తిరిగి తన వాళ్లు వింటున్నారేమో చూసుకుంది. గొంతు బాగా తగ్గించింది. “చివర్లో కాలిపోయింది మీరు కాదు కదండీ? నడక తేడాగా ఉంది.”

 సాయి ప్రియ చెయ్యి బల్ల మీద బిందు చేతి పక్కనే ఉంది. బిందు తన చెయ్యి వెనక్కి తీసుకోలేదు.

“కాదు” అంది. “నేను కాదు.”

ఆ అమ్మాయి తల ఊపి, గబగబా తన బల్ల దగ్గరికి వెళ్లిపోయి, తల వంచుకుని దోసె తినడం మొదలుపెట్టింది.

“భయపడ్డావా?” అంది సాయి ప్రియ.

“చాలా.”

బిందు సర్వర్‌ని పిలిచి ఇంకో రెండు కాఫీలు చెప్పింది.